రాగి డబ్బాలో నడిమి చుట్ట

“చుట్టాలన్నిటినీ ఒకదాని మీదొకటి కుక్కి, మూత బిగించి, గాలి చొరకుండా మైనం పెట్టేశాను. పుష్కరం పాటు ఊపిరాడనిస్తేనా! ఇవాళ మధ్యాహ్నం సభలో ఒక్కొక్కటే బయటికి తీసి, తల తుంచి, నిప్పు పెట్టడమే!”

కిటికీ కింద నక్కి కూర్చున్న భేరుండుడి మీసం ఈ మాటలకు నిక్కి కూర్చుంది.

చుట్టాలా! తల తుంచడమా! నిన్న సాయంత్రమేగా శోణవేణి నది దాటి, ఏటి లంకలనేలే లంకరాజు హేమకేతుడు సపరివారంగా తామ్రగిరి కోటకు విచ్చేశాడు! మహారాజు కుంభధ్వజుడికి ఆయన స్వయానా బావమరిది. చుట్టమంటే అలాంటిలాంటి చుట్టం కాదు, అవతలి గట్టున సేనను నిలబెట్టి మరీ వచ్చిన చుట్టం. ఆయన నడుముకి వేలాడే తెల్లశంఖం ఒక్కసారి మోగిందంటే ఆ సేన ఇవతలి గట్టు మీద ఉంటుంది. అందుకే కుంభధ్వజుడు రాత్రి భేరుండుణ్ణి పిలిచి చెప్పాడు: “కోటపాలకా! చుట్టాలకు చీమ కుట్టిందో, నేను నలిపేది చీమను కాదు, నీ తలను.”

తల అంటే భేరుండుడికి మమకారమే. ఉన్నదొక్కటి. అందులోనూ సగమే పనిచేస్తోంది. యుద్ధభేరి పక్కన నిలబడి పెరిగినవాడు కావడంతో ఎడమచెవిని ఏనాడో ఆ భేరికే ధారపోశాడు. మిగిలిన కుడిచెవి కూడా మాట వింటుందే కానీ మాట వినదు. ముక్కు మాత్రం మహా గట్టిది. వీధి చివర పులుసు మరుగుతుంటే అందులో ఇంగువ పడిందో లేదో ఇక్కణ్ణుంచే చెప్పేస్తాడు. దేశాలు పట్టి తిరిగే ఈ భేరీగాడు, మాంత్రికుడు మసిజటుడి గుహలోంచి కుంభధ్వజుణ్ణి భుజాన మోసుకొచ్చి కోటపాలకుడయ్యాడు. పట్టి బంధించిన మసిజటుడు మాత్రం కటకటాల సందులోంచి పొగగా మారి జారిపోయాడు. అప్పటి నుంచీ భేరుండుడికి వంటింటి పొగ గొట్టాన్ని చూసినా అనుమానమే. అనుమానం పెనుభూతమంటారు. అతని అనుమానం అంతకంటే పెద్దది. దాన్ని చూస్తే భూతమే దడుచుకుంటుంది.

పైగా ఈ వేళ సూర్యోదయాన, హేమకేతుడి మేనమామ శంఖపాదుడు, పండు ముసలాయన, తలపాగా చుట్టి, శాలువా కప్పుకుని తోటలో తిరుగుతూ భేరుండుణ్ణి చాటుకు పిలిచాడు. “నాయనా, ఆ రాతికొట్టు వైపు ఓ కన్నేసి ఉంచు. కొత్తగా ఎవడో కంచరివాడు అక్కడ చేరాడు. వాడి వాలకం నాకు నచ్చలేదు” అని చెవిలో ఊదాడు. అదృష్టవశాత్తూ కుడిచెవిలో.

అందుకే ఈ కిటికీ. కొట్టులో ఉన్నది ఇద్దరు. మాట్లాడుతున్నది కొట్టు చూసుకునే సింగారవ్వ. వింటున్నది ఆ కొత్త కంచరివాడు.

“లోపల కళాయి పూయకపోతే చిలుము పట్టి చస్తాయి” అంటోంది అవ్వ. “తడి ఎక్కువైతే బూజు, తడి లేకపోతే పగుళ్ళు. అందుకని నానబెట్టి తుడిచిన పెంకుముక్క ఒకటి మూలన పెడతాను. ఏడాదికోసారి డబ్బాను బోర్లిస్తాను. మొదట్లో ఎంత పొగరు! దగ్గరికెళ్తే కళ్ళమ్మట నీళ్ళే! నాలుగేళ్ళు చీకట్లో ఉంటే ఆ పొగరంతా చచ్చి తియ్యగా తయారవుతాయి. సగం లంకవి, సగం కొండవి. ఒత్తుకుని ఒత్తుకుని, గుండ్రంగా ఉన్నవి కాస్తా ఈపాటికి నలుపలకలు తేలిపోయి ఉంటాయి!”

గుండ్రంగా ఉన్నవాళ్ళు పలకలు తేలడమా! భేరుండుడికి హేమకేతుడి బొజ్జ కళ్ళ ముందు మెదిలింది.

“సొంత డబ్బా కొట్టుకుంటున్నాననుకోకు. ఇలా డబ్బా పట్టేవాళ్ళు ఏడు రాజ్యాల్లో నేను కాక ఇంకొకరు లేరు.”

కంచరివాడి గొంతు సన్నగా వినిపించింది. “అదంతా సరే అవ్వా, ఈ మైనం ఇంత మెత్తగా ఉందేమిటి? ఎవరైనా వచ్చి చూశారంటావా?”

‘ఆహా, పట్టుబడతామని భయం కూడానా’ అనుకున్నాడు భేరుండుడు. ఇక ఆగలేదు. తలుపును ఒక్క తన్ను తన్నాడు. తలుపు లోపలికి, తాను తలుపు మీదికి!

లేచి చూసేసరికి సింగారవ్వ ఎదురుగా నిలబడి ఉంది. ఆమె నోట్లోంచి గోధుమరంగు మోడు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని కొసన నిప్పు లేదు. కానీ పెదాల సందుల్లోంచి, ముక్కులోంచి బుసబుసా పొగ! నిప్పు లేనిదే పొగ రాదని లోకమంతా చెప్పుకుంటుంటే, ఇక్కడ నిప్పు లేకుండానే పొగ!

“మంత్రగత్తెవా!” అని గర్జించి, ఆ మోడు లాగి చూడకుండానే పారేసి, మరో మంత్రం చదవకుండా ఆమె నోటికి తలపాగా చెంగు చుట్టి, చేతులు కట్టేశాడు. అవ్వ ఏదో అరిచింది. గుడ్డలోంచి “ఊఊఊ” తప్ప ఏమీ రాలేదు.

కంచరివాడు తెలివైనవాడు. అవ్వ పక్కనున్న రాగి డబ్బాను చంకన పెట్టుకుని, కొలిమి తిత్తిని భుజాన వేసుకుని, “ఓహో, డబ్బా తెరిచిన దొంగవి నువ్వేనన్నమాట!” అంటూ కిటికీలోంచి దూకేశాడు.

తామ్రగిరి కోటను చూడాలంటే పట్టపగలే చూడాలి. ఏడు ఎత్తైన బురుజులు, ప్రతి బురుజుకూ రాగి రేకుల పైకప్పు. ఎండ పడితే కొండ మీద ఏడుగురు సూర్యుల్ని పొదిగినట్టు ఉంటుంది. గాలి వీస్తే ఆ రేకులు ఝల్లుమని కోటంతా కాలి అందెలు కట్టుకుని నడిచినట్టు మోగుతుంది. చూడటానికి అంత సొగసు. పరుగెత్తడానికి మాత్రం పరమ నరకం. అరికాలు పెడితే అట్టు వేసుకోవచ్చు.

ఆ పెనం మీద ముందు కంచరివాడు, వెనక కోటపాలకుడు! కంచరివాడు ఒక బురుజు మీంచి ఇంకో బురుజు మీదికి లేడిలా గెంతాడు. భేరుండుడు పిడుగులా పడ్డాడు. రేకులు లేచిపోయి పావురాల గుంపును కప్పేశాయి. కంచరివాడు ధ్వజస్తంభం తాడు పట్టుకుని ఏనుగుల సాలలోకి జారాడు. భేరుండుడికి తాడు దొరకలేదు, ఏనుగు దొరికింది. దాని వీపున పడ్డాడు. అది పట్టలేని సంతోషంతోనో, భరించలేని బాధతోనో ఘీంకరించి, అగడ్త వైపు పరుగు లంకించుకుంది. అగడ్తలో మొసళ్ళు నోళ్ళు తెరిచి, ఈ వేళ విందు తమకే అనుకున్నాయి. సరిగ్గా గట్టు మీద ఏనుగు కాళ్ళు బిగపట్టి ఆగింది. భేరుండుడు ఆగలేదు. గాలిలో మొగ్గ వేసి, అవతల వంతెన మీద పరుగెడుతున్న కంచరివాడి కాళ్ళు రెండూ కౌగిలించుకుని దభీమని పడ్డాడు.

“వదులు! నేను లంకరాజు కూతుర్ని, తరళను!” అంది కింద పడ్డ గొంతు.

“నేను లంకరాజు నాయనమ్మను” అన్నాడు భేరుండుడు, ఆయాసపడుతూనే చేతులకు తాడు బిగిస్తూ.

అప్పుడు చూశాడు డబ్బాను. రెండు చేతుల్లో ఇమిడేంత ఉంది. ‘ఇంత చిన్నదాంట్లో అంతమంది చుట్టాలు ఎలా పడతారబ్బా?’ అనుకున్నాడు. వెంటనే సమాధానమూ తట్టింది. ‘ముక్కలు చేసి కాబోలు!’

కొట్టులో కట్టేసి ఉంచిన అవ్వను కూడా కలుపుకుని, బందీలిద్దరినీ వెంటబెట్టుకుని సభామంటపం మెట్లెక్కుతుంటే శంఖపాదుడు ఎదురొచ్చాడు. “శభాష్ నాయనా! పెద్దవాణ్ణి, నా మాట విను. వీళ్ళను సభ దాకా ఈడవడమెందుకు? ఇక్కడే నరికి పారెయ్. డబ్బా నేను లోపల పెట్టిస్తాను” అని భుజం తట్టాడు.

ముసలాయన తలపాగా కదిలింది. భేరుండుడి ముక్కు కూడా కదిలింది. ఏదో వాసన! మాగిన పనసతొన, పాతబెల్లం, తొలకరికి తడిసిన మట్టి, మూడూ ఒకే కుండలో కాగినట్టు. ఇంత కమ్మటి వాసన అతని ముక్కు ఇంతవరకూ ఎరగదు. ‘ముసలాయన అత్తరు భలే తెచ్చుకున్నాడే’ అనుకున్నాడు.

“క్షమించండి తాతగారూ. నా తల సభలో తాకట్టులో ఉంది. సభలోనే విడిపించుకోవాలి” అని డబ్బాతో సహా లోపలికి నడిచాడు.

ముసలాయన పళ్ళు కొరుక్కున్నాడు. పండు ముసలాయనకు కొరుక్కోవడానికి అన్ని పళ్ళెక్కడివో భేరుండుడికి తట్టలేదు.

సభలో ఒకే మణిపీఠం మీద ఇద్దరు రాజులూ పక్కపక్కనే కూర్చున్నారు. కుంభధ్వజుడు కొండలా, హేమకేతుడు కుండలా. అప్పటికే ఇద్దరి నవ్వులూ మొహానికి అతికించినట్టున్నాయి.

“మహాప్రభూ! కుట్ర!” అని భేరుండుడు అరిచాడు. భేరి మోగించినవాడి అరుపు కదా, పైకప్పు రేకులు బదులు పలికాయి. “మన చుట్టాలను ఈ డబ్బాలో కుక్కి, పలకలు తేల్చి, తల తుంచి నిప్పంటించాలని పన్నాగం! నా చెవులారా, అంటే నా చెవారా విన్నాను!”

హేమకేతుడు మెల్లగా తల తిప్పి మహారాజును చూశాడు. “బావా, పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనా?”

అంతలో మసిపూసిన కంచరివాడు ముందుకొచ్చి, “నాన్నగారూ!” అన్నాడు.

హేమకేతుడు దిగ్గున లేచాడు. “తరళా! నా బిడ్డ చేతులకు తాడా!” ఆయన చెయ్యి నడుము మీది శంఖానికి వెళ్ళింది.

“నాన్నగారూ, ఆగండి! మన పరివారంలోనే ఎవరో ద్రోహి ఉన్నాడని అనుమానమొచ్చి, నేను ముందుగా మారువేషంలో వచ్చాను. ఈ పేటికను ఎవరో తెరిచి మళ్ళీ మూశారు. మైనం కొత్తది!”

“తెరిచారా?” కుంభధ్వజుడు లేచి నిలబడ్డాడు. “పేటిక దగ్గరికి దొంగవేషంలో వచ్చింది నీ కూతురు. తెరిచింది ఎవరో వేరే చెప్పాలా, బావమరిదీ?”

“పేటిక ఉన్నది నీ కోటలో. దొంగ ఎవరో నేనూ వేరే చెప్పను, బావా!”

శంఖం పెదాల దాకా వెళ్ళింది. భటుల చేతులు కత్తుల పిడుల దాకా వెళ్ళాయి. భేరుండుడి చెయ్యి తన మెడ దాకా వెళ్ళింది, ఇంకా ఉందో లేదో చూసుకోవడానికి. చుట్టాలను కాపాడబోయి చుట్టరికానికే చిచ్చు పెట్టానా?

“ముందు పేటిక తెరవండి!” అన్నాడు కుంభధ్వజుడు. “అందరి కళ్ళ ముందూ. ఆనక ఎవరి శంఖం వాళ్ళు ఊదుకుందాం.”

తరళ కట్లు విప్పారు. ఆమె తన కంచరి ఉలితో మైనం గీసి మూత ఎత్తింది.

డబ్బాలోంచి వాసన లేచింది. ముందు పీఠాన్ని, తర్వాత స్తంభాలను, ఆ తర్వాత సభనంతా చుట్టేసింది. కత్తులు పట్టుకున్న భటులు కూడా కళ్ళు మూసుకుని గాలి పీల్చారు. భేరుండుడు తొంగి చూసి నోరు తెరిచాడు. లోపల ముక్కలూ లేవు, ముక్కుచెవులూ లేవు. ఎండిన అరటిదొప్ప పరుపు మీద, నల్లటి చుట్టలు!

“ఇవేమిటి... చుట్టలా!” అన్నాడు బిక్కమొహం వేసి.

“మరేమనుకున్నావు?” అన్నాడు కుంభధ్వజుడు. “మా రెండు రాజ్యాల పోరు ఆగిన రోజున వాళ్ళ లంక పొగాకునూ మా కొండ పొగాకునూ కలిపి చుట్టి, ఇందులో పెట్టి మూశాం. పుష్కరానికి తెరిచి, ఇంటివాడు తన చేత్తో నడిమి చుట్ట తీసి వచ్చినవాడికి ఇవ్వాలి. చుట్టలు చెడకపోతే సంధి చెడలేదన్నట్టు. ఇదిగో, బూజు లేదు, పురుగు లేదు! తీసుకో బావమరిదీ!” అంటూ వేళ్ళు నడిమి చుట్ట మీద వేశాడు.

భేరుండుడి బుర్రలో ముక్కు ముందు మేలుకుంది. పనసతొన! పాతబెల్లం! తొలకరి మట్టి! రెండు నేలల ఆకులు పుష్కరం పాటు ఒకే చీకట్లో ఒకదాని వాసన ఒకటి పుచ్చుకుంటే పుట్టిన వాసన. ఈ లోకంలో ఈ డబ్బాలో తప్ప మరెక్కడా ఉండని వాసన. మూత ఇప్పుడేగా తీశారు! మరి ఇందాక ఆ తలపాగాలోకి ఎలా వచ్చింది?

ముక్కు వెనకాలే కళ్ళు మేలుకున్నాయి. అవ్వ మాట గుర్తొచ్చింది. డబ్బాలో చుట్టలన్నీ ఒత్తిడికి ఇటుకల్లా నలుపలకలు తేలి ఉన్నాయి. నడిమిది ఒక్కటే నున్నగా, గుండ్రంగా, నిన్న పుట్టిన పాపాయి వేలులా ఉంది!

“మహాప్రభూ, చెయ్యి తియ్యండి!” అని దూకి ఆ చుట్టను లాక్కున్నాడు. సభ హాహాకారాలు చేసింది. భేరుండుడు మాత్రం వినయంగా శంఖపాదుడి ముందు వంగాడు. “సభలో పెద్దలు తాతగారే. పెద్దలుండగా చిన్నలు ముట్టించడం మర్యాద కాదు. తమరు ముందు రెండు దమ్ములు లాగండి.”

“నాకు దగ్గు, నాయనా” అన్నాడు శంఖపాదుడు.

“ఒక్క దమ్మే.”

“వైద్యుడు వద్దన్నాడు.”

“వాసనైనా చూడండి. తమకు తెలిసిన వాసనే. తమ తలపాగాలో ఇందాకటి నుంచీ కాపురముంది!”

అంటూనే ముసలాయన తలపాగాను ఒక్క తోపు తోశాడు. తలపాగా దొర్లింది. అందులోంచి టప్పుమని ఒక చుట్ట నేల మీద పడింది. దొర్లలేదు. పలకలు తేలిన చుట్ట ఎక్కడ దొర్లుతుంది? ఇటుకలా పడ్డచోటే ఉండిపోయింది. విషపు చుట్ట ఇరికించడానికి ఒక చుట్ట తీయక తప్పలేదు. తీసినవాడికి దాన్ని పారెయ్యడానికి ప్రాణమొప్పలేదు. పుష్కరం మాగిన చుట్ట చేతికొస్తే మాంత్రికుడైనా మనిషే!

తలపాగా కింద తెల్లజుట్టు లేదు. మసిబారిన జడలు పాముల్లా విచ్చుకున్నాయి.

“మసిజటుడు!” అన్నాడు కుంభధ్వజుడు.

“ఔను, నేనే! నీ చేతి చుట్టతో నీ బావమరిది చచ్చి, వాడి సేనతో నువ్వు చస్తే, రెండు సింహాసనాలూ నావయ్యేవి!” మాంత్రికుడు వికటంగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే కాళ్ళ నుంచి కరిగి, నల్లటి పొగగా మారి, గవాక్షం వైపు సాగాడు. భటులు పొగను పొడిచారు. పొగ లెక్కచెయ్యలేదు.

“తిత్తి!” అని అరిచాడు భేరుండుడు.

తరళ అప్పటికే కొలిమి తిత్తి నోరు తెరిచింది. కంచరి వేషం వేసేటప్పుడు భారమని వదిలేయకుండా తెచ్చుకున్న తిత్తి! భుస్సుమని పొగ తోకను పట్టి లోపలికి పీల్చింది. పొగ గింజుకుంది. తిత్తి దున్నపోతులా ఉబ్బింది. భేరుండుడు చుట్టలన్నీ హేమకేతుడి ఒళ్ళో బోర్లించి, ఖాళీ డబ్బాను తిత్తి గొట్టానికి ఆనించాడు. తరళ తిత్తి మీద కూర్చుంది. పొగంతా డబ్బాలోకి! టక్కున మూత! నోరు కట్టేసి ఉన్నా చేతులు వదిలించుకున్న సింగారవ్వ, దీపం మీద మైనం కరిగించి, చుట్టూరా పోసి, బొటనవేలితో ఒత్తేసింది. ఏడు రాజ్యాల్లో అలా డబ్బా పట్టేవాళ్ళు లేరన్నది సొంత డబ్బా కాదని డబ్బానే నిరూపించింది.

హేమకేతుడు శంఖాన్ని నడుముకి కట్టేసుకుని, ఒళ్ళోంచి ఒక పలకల చుట్ట ఏరి, బావ చేతికిచ్చాడు. “ఈసారికి నేనే ఇస్తాను బావా, అనుమానపడ్డందుకు” అన్నాడు. తర్వాత భేరుండుడి వైపు తిరిగాడు. “అంతా బాగానే ఉంది కానీ కోటపాలకా, చుట్టాలను డబ్బాలో కుక్కడమేమిటయ్యా?”

సింగారవ్వ ఇక ఆగలేకపోయింది. నోటి గుడ్డ తానే పీకేసుకుంది.

“నన్నడగండి మహారాజా, నేను చెబుతాను! మా సముద్రపు ఒడ్డు ఆడవాళ్ళం అడ్డపొగ తాగుతాం. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటాం, ఉత్త కొస బయటుంటుంది. నోట్లో నిప్పు పెట్టుకుని మాట్లాడితే పెదాలు కలుస్తాయా? మాట సాగుతుంది. ‘చుట్టలు’ అన్నాను. సాగింది. ఈ ఒంటిచెవి మహానుభావుడికి ‘చుట్టాలు’ అయ్యింది. ఆకు చుట్టల పొగరణుగుతుందంటే చుట్టాల పొగరనుకున్నాడు. తల తుంచడమంటే చుట్ట కొస గిల్లడం నాయనా, పీక కొయ్యడం కాదు! నిప్పు లేకుండా పొగ వస్తోందని నన్ను మంత్రగత్తెను చేశాడు. అసలు మాంత్రికుడు భుజం తడితే తాతగారూ అన్నాడు!”

ముందు తరళ నవ్వింది. తర్వాత బొజ్జ ఊగేలా హేమకేతుడు, ఆపైన కుంభధ్వజుడు, చివరికి పైకప్పు రేకులు. భేరుండుడు తల దించుకున్నాడు. దించుకోవడానికి తల మిగిలినందుకు లోలోపల సంతోషిస్తూనే.

టక్. టక్. టక్.

నవ్వులు ఆగిపోయాయి. డబ్బా లోపలినుంచి బొంగురు గొంతు వినిపించింది.

“నవ్వండి, నవ్వండి! నేను శంఖపాదుడి రూపం వేశానే, మరి అసలు శంఖపాదుడు ఎక్కడున్నాడో అడిగారా? నల్లలోయ గుహలో, నిలువెత్తు రాగి డబ్బాలో! మూతకు మైనం కూడా పెట్టాను. ముసలి ప్రాణం, ఊపిరి సాయంత్రం దాకా వస్తుందో రాదో!”

హేమకేతుడు కేక పెట్టాడు. “మామయ్యా!”

భేరుండుడు తలెత్తాడు. అతని కళ్ళు మెరిశాయి. మాంత్రికుడి డబ్బాను చంకన ఇరికించుకుని, తరళ ఉలిని మొలలో దోపుకుని, కిటికీ కింద కట్టేసి ఉన్న గుర్రం మీదికి నేరుగా మేడ మీంచే దూకుతూ, సభంతా వినేలా అరిచాడు:

“చుట్టాన్ని డబ్బాలో కుక్కారని పొద్దుటి నుంచీ మొత్తుకుంటున్నది నేనొక్కణ్ణే కదయ్యా!”